పంట డబ్బు ఇల్లు చేరాలంటే



విత్తనం గురించి, ఎరువు గురించి, తెగుళ్ల గురించి మనం తరచు చెప్పుకుంటూనే ఉంటాం. ఈ పూట పంట అమ్మిన తరువాతి సంగతి చెప్పుకుందాం. ఎకరానికి ముప్పై బస్తాలు పండించిన రైతు కూడా ఒక్కొక్కప్పుడు అప్పులపాలవుతాడు. పక్క చేలో ఇరవై అయిదు బస్తాలే పండించినవాడు పిల్లల్ని చదివించుకుంటూ, ఉన్న పొలం నిలబెట్టుకుంటూ గుట్టుగా సంసారం లాక్కొస్తాడు. ఈ తేడాకు కారణం చేలో వెతికితే కనిపించదు. ఇంట్లో వెతకాలి. ఆలుమగలిద్దరిలో ఒకరు చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టేవారు, లెక్క అంటే ముఖం తిప్పుకునేవారు అయితే, రెండోవారు ఏం చెయ్యాలి? ఇదీ ఈనాటి ప్రశ్న.

దుబారా మగవాడి సొత్తూ కాదు, ఆడదాని సొత్తూ కాదు. ఒక ఇంట్లో భర్త బళ్లకూ, విందులకూ, సారాకొట్టుకూ పోస్తాడు. అడిగినవాడికల్లా హామీ సంతకం పెడతాడు. మరొక ఇంట్లో భార్య నలుగురిలో తక్కువ కాకూడదని వాయిదాల మీద నగలూ చీరలూ కొంటుంది. ఊళ్లో ప్రతి చీటీపాటలోనూ పేరు ఇస్తుంది. కనుక నేను చెప్పేది వినేవారు ఎవరికి వారు తమకు వర్తించే ముక్క తీసుకోవాలి.

ముందు ఈ జబ్బుకు మూలం చూద్దాం. ఉద్యోగస్తుడికి నెల నెలా కొంచెం కొంచెంగా వస్తుంది. రైతుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక్కసారే పెద్ద మొత్తం వస్తుంది. మూడెకరాల వరి రైతును తీసుకోండి. ఎకరానికి 30 బస్తాలు, బస్తా 75 కిలోలు అనుకుందాం. మొత్తం 90 బస్తాలు, అంటే 67న్నర క్వింటాళ్లు. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధర దక్కితే ఖాతాలో సుమారు 1,60,000 రూపాయలు పడుతుంది. దున్నకం, నాట్లు, ఎరువు, మందు, కోత కలిపి ఎకరానికి 30,000 అయిందనుకోండి. మూడెకరాలకు 90,000 పోగా మిగిలేది 70,000. మళ్లీ పంట చేతికొచ్చేదాకా ఆరు నెలలు ఈ 70,000 తోనే బతకాలి. ఆరుతో భాగించండి: నెలకు 11,600 చిల్లర. అందులోనే బియ్యం కాక మిగతా సరుకులు, బడి ఫీజు, మందులు, పెళ్లిళ్లకు చదివింపులు. ఖాతాలో లక్షా అరవై వేలు చూసి కొన్న మోటారు సైకిలు, నెలకు పదకొండు వేలేనని తెలిస్తే కొంటారా? దుబారా చేసేవారందరూ చెడ్డవాళ్లు కారు. చాలామంది ఈ భాగహారం చెయ్యనివాళ్లు.

ఇప్పుడు ఫోనులో డబ్బు చెల్లించే పద్ధతి వచ్చింది. సౌకర్యమే, కాదనలేం. అయితే రొంటిన ఉన్న నోటు తీసి ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడుతుంది. ఫోను నొక్కేటప్పుడు ఆ వెనకాడడం ఉండదు. ఇరవై, ముప్పై, యాభై చొప్పున పోయినది నెలాఖరుకు చూస్తే కరి మింగిన వెలగపండే. పైకి గుండ్రంగా కనిపిస్తుంది, లోపల గుజ్జు ఉండదు.

ఖర్చు కంటే ప్రమాదమైనది అశ్రద్ధ. బ్యాంకులో పంట రుణం తీసుకున్నారనుకోండి. నిర్ణీత పరిమితి వరకు ఆ రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం. గడువులోగా కట్టిన రైతుకు కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది. అంటే నికరంగా పడేది 4 శాతమే; 50,000 రూపాయలకు ఏడాదికి 2,000. డబ్బు చేతిలో ఉండి కూడా, 'రేపు కడదాంలే' అని గడువు దాటిస్తే ఆ రాయితీ పోతుంది. తక్కువకాలపు పంటల మీద తీసుకున్న బాకీ గడువు దాటి రెండు పంటకాలాలు గడిస్తే బ్యాంకువారు దాన్ని మొండి బాకీ కింద రాస్తారు. అప్పుడు కొత్త అప్పు పుట్టదు. బ్యాంకు తలుపు మూసుకుంటే రైతు నడిచేది వడ్డీ వ్యాపారి గడపకే.

అక్కడి లెక్క వినండి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువగానే వినిపిస్తుంది. ఏడాదికి అది 24 శాతం. ప్రామిసరీ నోటు మీద దావా వెయ్యడానికి చట్టం ఇచ్చిన గడువు 3 సంవత్సరాలు. అందుకే మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయమంటారు. 50,000 రూపాయలకు మూడేళ్ల వడ్డీ 36,000. తిరగరాసేటప్పుడు అసలూ వడ్డీ కలిపి 86,000కు కొత్త నోటు రాయించుకుంటారు. మరి మూడేళ్లకు దాని మీద వడ్డీ 61,920. అంతా కలిపితే 1,47,920. ఆరేళ్లలో అప్పు మూడింతలకు దగ్గరైంది. అదే 50,000 బ్యాంకులో ఏటా గడువుకు కట్టి తిరిగి తీసుకుంటూ ఉంటే ఆరేళ్ల వడ్డీ 12,000. ఎకరం, అరెకరం చేతులు మారేది చాలాసార్లు ఇలాగే. కరువొచ్చి పోయిన పొలం కొంతైతే, నోటు తిరగరాసి పోయిన పొలం మరికొంత.

ఇక చెయ్యవలసిన పనులు చూద్దాం.

మొదటిది, మాట మొదలుపెట్టే పద్ధతి. తాగి వచ్చిన రాత్రి లెక్క అడగకూడదు. అత్తమామల ముందు, చుట్టాల ముందు అసలే అడగకూడదు. పరువు పోయిందనుకున్న మనిషి లెక్క చెప్పడు, పోట్లాడతాడు. తీరికగా ఉన్న ఉదయం, పిల్లలు బడికి పోయాక కూర్చోవాలి. ఇట్లా అనవచ్చు:

"ఏమయ్యా, వడ్ల డబ్బు పడింది కదా. ఎవరికెంత ఇవ్వాలో ఒకసారి రాసుకుందామా?"

"నన్ను లెక్కలడిగేదాకా వచ్చిందా నీకు?"

"నిన్ను అడగడం కాదయ్యా. ముందు నా పొదుపు సంఘం బాకీ రాస్తాను, నా చీటీ రాస్తాను. తర్వాత నీకు గుర్తున్నవి నువ్వు చెప్పు."

తన బాకీ ముందు రాసినవారు ఎదుటివారి బాకీ అడగగలరు. భర్త భార్యతో మాట్లాడవలసి వచ్చినా ఇదే దారి. "నీ చీటీ సంగతి నాకు తెలీదు, నా చేబదుళ్లు నీకు తెలీవు. రెండూ ఒకచోట రాద్దాం, ఏమంటావు?" అంటే గొడవ సగం తగ్గుతుంది.

రెండవది, అప్పుల జాబితా. బ్యాంకు బాకీ, సొసైటీ బాకీ, ఎరువుల కొట్టు ఖాతా, చేబదుళ్లు, నోట్లు, బంగారం తాకట్టు, ఇతరులకు పెట్టిన హామీ సంతకాలు – ఒక్కటీ దాచకుండా రాయాలి. ఒక్కొక్కదాని ఎదుట వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అని వేయాలి. ఎక్కువ వడ్డీ అప్పు ముందు తీర్చాలి. అయితే బ్యాంకు గడువు మాత్రం దాటనివ్వకూడదు.

మూడవది, డబ్బు పడిన వారంలోపల పంపకం. ముందు బాకీల వాటా తీసెయ్యండి. తరువాత వచ్చే పంట విత్తనానికి, ఎరువుకు కావలసినది వేరే ఖాతాలోకి మార్చండి. మిగిలినదాన్ని నెలలతో భాగించి ఇంటి ఖర్చు నిర్ణయించండి. అందులోంచే నెలకు ఇంత అని పోస్టాఫీసులో కట్టవచ్చు. అక్కడ అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టుకోవచ్చు. ఆలుమగలిద్దరికీ సమానంగా కొంత చేతి ఖర్చు కూడా వేరుగా పెట్టండి. దానికి లెక్క అడగవద్దు. మనిషిని పూర్తిగా కట్టేస్తే చాటుగా అప్పు చేస్తాడు. తన వాటా తనకుంటే దానిలోనే సర్దుకుంటాడు.

నాలుగవది, ఒక హద్దు. ఇంత మొత్తానికి మించిన ఖర్చు ఏదైనా ఇద్దరూ ఒప్పుకుంటేనే చెయ్యాలని నియమం పెట్టుకోండి. ఆ హద్దు వెయ్యి కావచ్చు, మూడు వేలు కావచ్చు. మీ స్తోమతును బట్టి మీరే నిర్ణయించుకోండి. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరిచేటప్పుడు కూడా ఒక సంగతి చూసుకోవాలి. 'ఇద్దరిలో ఎవరైనా' తీసుకునే ఖాతా ఒకటి, 'ఇద్దరూ సంతకం చేస్తేనే' తీసుకునే ఖాతా మరొకటి. దుబారా ఉన్న ఇంట్లో పెట్టుబడి డబ్బు రెండోరకం ఖాతాలో ఉంటే నిలుస్తుంది.

అయిదవది, సంతకం విలువ. ఖాళీ నోటు మీద సంతకం ఎన్నడూ పెట్టవద్దు. సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ నోటును పుచ్చుకున్నవాడు నింపుకోవడానికి చట్టంలో వీలుంది. కొంత సొమ్ము కట్టినప్పుడు నోటు వెనక చెల్లు రాయించండి. పూర్తిగా తీర్చినప్పుడు నోటు వెనక్కి తీసుకొనే గడప దిగండి. భర్త చేసిన అప్పుకు, పెళ్లాం అయినంత మాత్రాన భార్య బాధ్యురాలు కాదు. భార్య అప్పుకు భర్త సంగతీ అంతే. కాని తోడు సంతకమో, హామీ సంతకమో పెడితే అప్పు తీసుకున్నవారితో సమానంగా బాధ్యత నెత్తిన పడుతుంది. అప్పు చేసినవారు చనిపోతే, వారి ఆస్తి ఎంత వచ్చిందో అంతమేరకే వారసుల మీద బాధ్యత ఉంటుంది. పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం, అది ఆమెది. ఆమె ఇష్టం లేకుండా తాకట్టు పెట్టే హక్కు భర్తకు లేదు. చీటీ కట్టేవారు అది 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ అవునో కాదో విచారించుకోవాలి.

ఇన్ని చేసినా వినకపోతే? ఇద్దరూ గౌరవించే పెద్దమనిషిని ఒక్కరిని పిలవండి. బావగారో, మేనమామో, ఎవరైనా సరే, ఊరంతటినీ మాత్రం పిలవవద్దు. పట్టాదారు పాసు పుస్తకం, దస్తావేజులు, నగలు భద్రమైన చోట ఉంచండి. తాగుడు, జూదం, ఫోనులో పందేలు పట్టుకున్న మనిషికి మందలింపు సరిపోదు, వైద్యం కావాలి. వ్యసన విముక్తికి 14446, మనోవేదనలో ఉన్నవారికి 14416 అనే ఉచిత ఫోను నంబర్లు ఉన్నాయి. అప్పు దాచిన మనిషి తిండి మానేసి, మాట మానేసి ఒంటరిగా కూర్చుంటూ ఉంటే, ఆ రోజుకు లెక్కల మాట కట్టిపెట్టి అతన్ని కనిపెట్టి ఉండండి. పొలం మళ్లీ సంపాదించుకోవచ్చు, మనిషిని సంపాదించుకోలేం. ఇంటి ఖర్చుకు ఇవ్వకుండా వేధించడం, స్త్రీధనం లాక్కోవడం 2005 గృహహింస చట్టం కింద ఆర్థిక వేధింపు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది; నంబరు 15100.

ఒంటరిగా సాధ్యం కానిది నలుగురు కలిస్తే సాధ్యమవుతుందనడానికి మన దగ్గరే నిదర్శనం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, కూలి డబ్బంతా సారాకొట్టుకు పోవడం చూసి తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోయింది గాని, ఆడవాళ్లు చేతపట్టిన పొదుపు పుస్తకం మాత్రం నిలిచింది. 1992లోనే నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో ముడిపెట్టడం మొదలుపెట్టింది. ఈనాడు ఏ ఊళ్లో చూసినా పొదుపు సంఘం ఉంది, దానికొక పద్దుల పుస్తకం ఉంది. ఆ పద్దు రాయగలిగిన ఇల్లాలు ఇంటి పద్దు కూడా రాయగలదు.

వ్యవసాయ విస్తరణ ఉద్యోగులకు ఒక్క మాట. పంట రుణాల గురించి చెప్పే రోజున రైతును ఒక్కడినే పిలవకండి, ఇల్లాలిని కూడా రమ్మనండి. రుణం తిరిగి కట్టే తేదీ ఇద్దరికీ చెప్పండి. ఒక ఇంటి అప్పు సంగతి మీ చెవిన పడితే అది రెండో ఇంటికి చేరకూడదు. నీతులు చెప్పవద్దు, పైన చెప్పిన మూడేళ్ల నోటు లెక్క ఒక్కటి కాగితం మీద వేసి చూపిస్తే చాలు. అంకె చేసే పని ఉపన్యాసం చెయ్యదు.

చివరిగా, ఈ వారమే చెయ్యవలసిన పని ఒకటి చెబుతాను. పిల్లవాడి పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చింపి కుట్టుకోండి. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. మొదటి పేజీలో బ్యాంకు గడువు తేదీ పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద ఆలుమగలిద్దరూ సంతకం చెయ్యండి. అప్పు నోటు మీద పెట్టే సంతకం కన్నా ఆ సంతకం మీ ఇంటికి మేలు చేస్తుంది.