ఆస్ట్రేలియా ఆదిమవాసుల రాకపోకలు - జనాభా లెక్కలు

ప్రభుత్వములు జనాభా లెక్కలు తీయునపుడు ప్రతి మనుష్యునకును స్థిరనివాసమొకటి గలదని తలంచును. ఒక గృహముననే కాలము గడపువారి విషయమున నిది సులభమే. తఱచుగ నూళ్లు మాఱువారి విషయమున నిది యెట్టి చిక్కులు దెచ్చునో ఆస్ట్రేలియా ఆదిమవాసుల చరిత్రము దెలుపుచున్నది.

ఐరోపానుండి వచ్చి యచట స్థిరపడినవారు ఆదిమవాసులను గమ్యము లేని దేశదిమ్మరులని భావించిరి. ఆ భావము సరికాదని పరిశోధకులు కనుగొనిరి. ఆదిమవాసుల ప్రయాణములకు కారణములును, పరిచితమైన త్రోవలును గలవు. బంధుదర్శనమునకును, అంత్యక్రియలకును, పూర్వాచారములను నెఱవేర్చుటకును, విద్యావైద్యములకును వారు పోవుచుందురు. మూత్రపిండముల వ్యాధి గలవారు ఎడారి పల్లెలను విడిచి, రక్తశుద్ధి చికిత్సకై వందలకొలది మైళ్ల దూరముననున్న ఆలిస్ స్ప్రింగ్సు పట్టణమునకు రావలసివచ్చుట కలదు. వారికి దోడుగ బంధువులును వత్తురు. ఉత్తరభాగమున వర్షాకాలమందు బాటలు మునిగినచో రాకపోకలు నిలిచిపోవును. ఇట్టి ప్రయాణములలో బెక్కింటికి స్వస్థలమునకు మరలుటయే ముగింపు.

అయినను అన్ని ప్రయాణములును స్వేచ్ఛతో జరిగినవి కావు. సుమారు 1910 మొదలు 1970 వఱకు అనేకులగు ఆదిమవాసి బాలబాలికలను అధికారులు తల్లిదండ్రులనుండి వేఱుచేసి, ఆశ్రమములకును, మిషనులకును, పరుల యిండ్లకును పంపిరి. 2008 ఫిబ్రవరి 13వ తేదీన ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటునందు ఇందులకు క్షమాపణ చెప్పెను.

ఇక లెక్కల సంగతి. 1901లో అమలునకు వచ్చిన రాజ్యాంగమున, దేశప్రజల సంఖ్యలో ఆదిమవాసులను చేర్పరాదను నిబంధన యుండెను. 1967లో ప్రజలు నూటికి 90 మందికి పైగా సమ్మతింపగా నది తొలగెను. ఇప్పుడు ఐదేండ్లకొకసారి జరుగు గణనమున, ఏడాది క్రిందటను, ఐదేండ్ల క్రిందటను ఎచట నివసించితిరని యడుగుదురు. నడుమ వెడలి మరలివచ్చినవాడు ఈ ప్రశ్నలకు కదలనివానివలెనే కనబడును. గణనరాత్రి బంధువుల యింటనున్నవాడు రెండుచోట్లను విడువబడవచ్చును. 2021లో టారెస్ జలసంధి ద్వీపవాసులతో గూడ 8,12,728 మంది లెక్కకు వచ్చిరి. విడువబడినవారిని, జాతి తెలుపనివారిని అంచనావేసి చేర్పగా సంఖ్య 9,83,700 అయ్యెను.

ఈ భేదము కేవలము కాగితముమీది యంకె కాదు. ఇండ్లు, బడులు, వైద్యశాలలు ఎన్ని కావలెనో నిర్ణయించుటకు ఈ సంఖ్యలే యాధారము. లెక్కకు రానివానికి బడిలో చోటును, వైద్యశాలలో మంచమును కొఱవడును. కావున, విద్యార్థులారా, తిరుగువారిని నిలుకడలేనివారని తేలికగ నెంచకుడు. వారెందులకు పోవుచున్నారో, ఎప్పుడు మరలుదురో విచారించి తెలిసికొనుటయే నిజమైన లెక్కకు మొదటి మెట్టు.