మీకు తెలుసా? ఛార్జింగ్ నిండుగా ఉన్నా ఎలక్ట్రిక్ కారు మొరాయించొచ్చు!

పులివెందులలో రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన కారు పొద్దున్నే తలుపు కూడా తెరుచుకోకపోతే, తప్పు పెద్ద బ్యాటరీది కాకపోవచ్చు. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి రెండు బ్యాటరీలుంటాయి. చక్రాలు తిప్పేది వందల వోల్టులది. తాళాలు, తెర, లైట్లు, కంప్యూటర్లు నడిపేది మామూలు 12 వోల్టులది. పెద్దదాన్ని మోటారుకు కలిపే స్విచ్‌లకూ (కాంటాక్టర్లకూ) ఈ చిన్నదాని కరెంటే కావాలి. అది కాస్తా డౌనైతే, చాలా కార్లకు ఛార్జర్ తగిలించినా ఛార్జింగ్ ఎక్కదు. బీరువా నిండా డబ్బుండి, తాళంచెవి పోయినట్టు!

పెట్రోలు బండైతే స్టార్టరు మూలుగుతూ ముందే చెబుతుంది. ఇందులో స్టార్టరే లేదు, ఇక మూలిగేదేది? పైగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఎండలు. వేడికి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

గండికోట దారిలో ఇలా ఆగిపోతే? చాలా రిమోట్లలో మామూలు తాళంచెవి ఒకటి దాగి ఉంటుంది, దాంతో తలుపు తీయండి. మాన్యువల్ చూసి వేరే బండి బ్యాటరీ నుంచి జంపర్ కేబుళ్లు తగిలించండి: ఎర్రది ప్లస్‌కు, నల్లది అందులో చూపిన లోహ భాగానికి, అన్నిటికన్నా చివర. ఇంజను తిప్పే పని లేదు కాబట్టి చిన్న జంప్ స్టార్టరైనా సరిపోతుంది. కారు ఆన్ అయ్యాక పెద్ద బ్యాటరీయే డీసీ-డీసీ కన్వర్టర్ ద్వారా చిన్నదాన్ని నింపుతుంది. నారింజ రంగు కేబుళ్లు ముట్టుకోవద్దు, అవి హై వోల్టేజివి. మీ ఎలక్ట్రిక్ కారు నుంచి వేరే బండికి జంప్ ఇవ్వడం మాత్రం చాలా కంపెనీలు వద్దంటాయి.