ఎర్రదీపం వెలిగితే... ఆగాల్సిందే!

చూడ్డానికి నిమ్మకాయంత ఉంటుంది. ధర కొన్ని వందలు. లక్షలు ఖరీదు చేసే లారీ ఇంజినుకి మాత్రం అదే కాపలాదారు. పేరు... ఆయిల్ ప్రెషర్ స్విచ్. దాన్ని మార్చడం పావుగంట పని. మార్చాల్సింది దాన్నేనా అని తేల్చుకోవడమే అసలు పని!

భీమవరం వైపు నుంచి చేపల లోడుతో హౌరాకి బయల్దేరిన లారీ. పెట్టెల్లో ఐసు కరిగేలోపు వీలైనంత దూరం పోవాలి. తుని దాటాక టీకని ఆపాడు డ్రైవరు. ఇంజిను ఆపలేదు. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఒకటి మిణుకుమిణుకుమంటోంది. యాక్సిలరేటరు కాస్త తొక్కితే ఆరిపోయింది. వదిలితే మళ్లీ వెలిగింది. ‘స్విచ్ పోయుంటుందిలే’ అనుకుని గేరు మార్చేశాడు.

జాతీయ రహదారి మీద ఇలాంటి సన్నివేశాలు రోజూ ఎన్నో. నిజంగా స్విచ్చే పోయిందా... ఫర్వాలేదు, కలకత్తా వెళ్లొచ్చాకే మార్పించుకోవచ్చు. అది కాకపోతే మాత్రం, ఏ శ్రీకాకుళం దగ్గరో ఇంజిను టకటకలాడుతుంది. కాసేపటికి పట్టేస్తుంది. ఇక క్రాంకు, బేరింగులు, ఒక్కోసారి ఇంజిను మొత్తం విప్పాలి. ఖర్చు లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. లోడు పాడైతే ఆ నష్టం వేరే. బండి ఫైనాన్సులో ఉంటే, షెడ్డులో ఉన్నా రోడ్డు మీదున్నా నెలనెలా వాయిదా కట్టాల్సిందే.

తిరిగేది ఆయిల్ మీదే!

క్రాంక్‌షాఫ్టు బేరింగుల మీద తిరుగుతుందంటాం. ఇంజిను నడుస్తున్నంతసేపూ ఆ రెంటి మధ్యా ఇనుముకి ఇనుము తగలనే కూడదు. వాటి మధ్య ఆయిల్ పొర ఉంటుంది. బరువు బాగా పడేచోట ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. మన తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు! చాంబరులోని ఆయిల్‌ని పంపు పైకి తోడి, ఫిల్టరు గుండా పంపి, ఒత్తిడితో ప్రతి బేరింగుకీ అందిస్తుంటేనే ఆ పొర నిలబడుతుంది. టర్బో ఉన్న బండికి ఈ బాధ ఇంకా ఎక్కువ. నిమిషానికి లక్ష చుట్లకు అటూ ఇటూగా తిరిగే టర్బో ఇరుసుకి కూడా అదే ఆయిల్ ఆధారం.

ఆ ఒత్తిడి ఉందో లేదో చెప్పేదే మన స్విచ్. దాన్లో పెద్ద మాయేం లేదు. లోపల ఒక పల్చటి పొర, దాని వెనక స్ప్రింగు, రెండు కాంటాక్టులు. ఇంజిను ఆగి ఉన్నప్పుడు స్ప్రింగు ఆ కాంటాక్టుల్ని కలిపే ఉంచుతుంది. అందుకే తాళంచెవి తిప్పగానే ఎర్రదీపం వెలుగుతుంది. ఇంజిను స్టార్టయి ఆయిల్ వచ్చి పొరను నెడితే కాంటాక్టులు విడిపోతాయి, దీపం ఆరిపోతుంది. తాళం తిప్పినా దీపం వెలగలేదంటే ‘అంతా బాగుంది’ అని కాదు. బల్బు మాడిపోయిందో, వైరు తెగిందో, స్విచ్ చెడిందో చూసుకోమని.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ స్విచ్ పనిచేసే ఒత్తిడి చాలా తక్కువ. సాధారణంగా 5 నుంచి 8 పౌండ్లు. లారీ టైర్లో గాలే వంద పౌండ్లు దాటి ఉంటుందని గుర్తుచేసుకుంటే, ఇదెంత తక్కువో తెలుస్తుంది. జంషెడ్‌పూర్‌లో 1993లో మొదలైన టాటా కమిన్స్ ద్వారా మన టాటా లారీల్లోకి వచ్చిన 5.9 లీటర్ల బీ సిరీస్ ఇంజిన్నే తీసుకోండి. వేడెక్కిన ఇంజినుకి ఐడిల్‌లో కనీసం 10 పౌండ్లు, పూర్తి వేగంలో కనీసం 30 పౌండ్లు ఉండాలంటుంది కంపెనీ. ఆ వేగంలో ఒత్తిడి 15 పౌండ్లకి పడిపోయినా దీపం వెలగదు! అంటే ఎర్రదీపం ముందుజాగ్రత్త చెప్పేది కాదు, ప్రమాదం గుమ్మంలోకి వచ్చాక అరిచేది. అది వెలిగాక ‘ఇంకో పది కిలోమీటర్లు పోదాం’ అనడానికి లేదు.

అబద్ధమా... నిజమా?

స్విచ్ చెడిపోదా అంటే, చెడిపోతుంది. వేడికీ అదురుకీ లోపలి పొర చిరుగుతుంది. అప్పుడు ఆయిల్ టెర్మినల్ దగ్గర్నుంచి చెమటలా పడుతుంది. వైరు పట్టుకుని పైకి పాకుతుంది. ఒక్కోసారి పిచికారీలా చిమ్ముతుంది. చాంబరులో ఉండే పదిహేను లీటర్ల ఆయిలూ దారి పొడుగునా పోయిందంటే, ఇక స్విచ్ అబద్ధం నిజమైపోతుంది! అది కాలుతున్న సైలెన్సరు గొట్టం మీద పడితే మంటలు లేచే ప్రమాదమూ ఉంది. కాంటాక్టులు అతుక్కుపోతే దీపం ఎప్పుడూ వెలుగుతుంది. కాంటాక్టులు తుప్పుపడితే అసలు వెలగదు. మూడింటిలో ఈ చివరిదే మహా చెడ్డది, ఎందుకంటే ఎవరూ గమనించరు.

దీపం వెలగ్గానే ఇంజిను ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ తక్కువుంటే సమస్య సగం దొరికినట్టే. ఎక్కువుందా? అదీ మంచిది కాదు. డీజిలు కలిసి పల్చబడి ఉండొచ్చు, వాసన చూస్తే తెలుస్తుంది. పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. ఆయిల్ బాగానే ఉంటే వైరు సంగతి చూడాలి. ఇంజిను స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి, స్విచ్ వైరు పీకితే దీపం ఆరిపోవాలి. ఆరలేదంటే వైరు ఎక్కడో రాసుకుపోయి బాడీకి తగులుతున్నట్టు. పీకిన వైరు ఇంజిను బాడీకి తాకిస్తే వెలగాలి. వెలగకపోతే బల్బో, వైరో పోయినట్టు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక కూడా కొత్త స్విచ్ కొనడానికి పరుగెత్తకూడదు. ముందు గేజి పెట్టాలి. స్విచ్ ఊడదీసిన రంధ్రంలోనే ముల్లున్న ప్రెషర్ గేజి బిగించి, ఇంజిను బాగా వేడెక్కేదాకా నడిపి, ఐడిల్‌లో ఎంత, వేగంలో ఎంత అని చూడాలి. చల్లటి ఇంజినులో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిపోయిన బేరింగులు కూడా మంచి ఒత్తిడే చూపిస్తాయి. గేజి లేని షెడ్లలో స్విచ్ విప్పి సెల్ఫ్ కొట్టి, ‘ఆయిల్ చిమ్మింది కదా, ప్రెషరుంది’ అనేస్తుంటారు. నాలుగైదు పౌండ్లకీ ఆయిల్ చిమ్ముతుంది మరి! విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట గేజి దొరకడం కష్టమేం కాదు. అడిగి పెట్టించుకోవడమే కావాలి.

గేజిలో ఒత్తిడి బాగుంటే దోషం స్విచ్‌ది. లేకపోతే, పాపం, స్విచ్ నిజమే చెప్పింది. చాంబరులో జల్లెడ మూసుకుపోయిందా, రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందా, పంపు అరిగిందా, బేరింగులు వదులయ్యాయా... వెతకాల్సింది అక్కడ. ఈ స్థితిలో కొత్త స్విచ్ వేస్తే రెండు రోజులు సంతోషంగా ఉండొచ్చు, అంతే.

మార్చేదిలా...

చాలా ఇంజిన్లలో స్విచ్ ఆయిల్ ఫిల్టరు దగ్గరో, బ్లాకు పక్కనో ఉంటుంది. ఇంజిను చల్లారాలి. బ్యాటరీ వైరు తీసెయ్యాలి. స్విచ్ చుట్టూ పేరుకున్న మట్టినీ జిడ్డునీ శుభ్రంగా తుడవాలి. ఆ మట్టి రంధ్రంలో పడితే నేరుగా పోయేది బేరింగుల్లోకే. కింద ఓ డబ్బా పెట్టి, సరైన సైజు పానాతోనో లోతైన సాకెట్‌తోనో విప్పాలి. కటింగ్ ప్లేయరుతో నలిపితే పైన ఉన్న ప్లాస్టిక్ విరిగి పని పెరుగుతుంది.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూడాలి. ఒకేలా కనిపించే స్విచ్‌లు రకరకాల ఒత్తిళ్లకి పనిచేస్తాయి. చాలావాటి ఒంటి మీద అంకె ఉంటుంది. అర బార్ అని ఉంటే సుమారు 7 పౌండ్లని లెక్క. మరలు ఇంకా పెద్ద తిరకాసు. పది మిల్లీమీటర్ల మెట్రిక్ మరా, అంగుళంలో ఎనిమిదో వంతు పైపు మరా చూపుకి కవలపిల్లల్లా ఉంటాయి. ఒకదాన్లో ఇంకోదాన్ని బలవంతంగా తిప్పితే బ్లాకులోని మర చెడుతుంది. అందుకే మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిరగాలి. తిరగకపోతే అది ఆ బండిది కాదు.

టెఫ్లాన్ టేపు చుట్టాలా? మన మెకానిక్కులకు ఇదంటే మహా ఇష్టం. ఒకే టెర్మినల్ ఉన్న స్విచ్‌కి ఎర్త్ అందేది ఆ మరల గుండానే. టేపు మందంగా చుడితే ఆ దారి మూసుకుపోయి దీపం వెలగడం మానేసే ప్రమాదం ఉంది. తెగిన పీలికలు ఆయిల్ దారిలో చేరినా ఇబ్బందే. తిన్నటి మరకి రాగి వాషరు, కొసకి సన్నబడే మరకి కంపెనీ చెప్పిన సీలెంటు కొద్దిగా... చాలు. బిగించేటప్పుడు బలప్రదర్శన వద్దు. పొడుగు పానాతో లాగితే మెడ దగ్గర విరిగి సగం బ్లాకులోనే ఉండిపోతుంది.

వైరు తగిలించి తాళం తిప్పితే దీపం వెలగాలి. స్టార్ట్ చేశాక కొద్ది సెకన్లలో ఆరాలి. వేడెక్కాక స్విచ్ కింద గుడ్డతో తుడిచి, తడి లేదని చూసుకుంటే పని అయిపోయినట్టే.

ఇంత చిన్న పనికి బద్ధకించి కొందరు వైరు పీకేస్తారు. ‘గొడవ వదిలింది, దీపం వెలగడంలేదు’ అని సంబరం. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లు తాళం తిప్పగానే ఎర్రదీపం వెలిగిందో లేదో చూడమనేది అందుకే. ముల్లున్న మీటరు ఉందిగా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అమెరికాలో 1990ల్లో ఫోర్డ్ అమ్మిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ పికప్‌లలో మీటరు వెనకున్నది ఇలాంటి స్విచ్చే. ఒత్తిడి ఆరేడు పౌండ్లు దాటితే చాలు ముల్లు మధ్యకొచ్చి కూర్చుంటుంది. 10 ఉన్నా 50 ఉన్నా అక్కడే!

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల్లో కథ కొంత మారింది. వాటిలో స్విచ్‌కి బదులు ఎక్కువగా సెన్సరు ఉంటుంది. అది ఒత్తిడి ఎంతో ఎప్పటికప్పుడు కంప్యూటర్‌కి చెబుతుంది. ఒత్తిడి మరీ పడిపోతే ఇంజిను బలాన్ని కంప్యూటరే తగ్గించేసే ఏర్పాటూ ఉంటుంది. అలాంటిచోట వైరు పీకే తెలివితేటలు పనిచెయ్యవు.

మన కార్లోనూ ఉంటుందీ దీపం. బొమ్మ అల్లావుద్దీన్ దీపంలా ఉండి, కొసన చుక్క కారుతుంటుంది. అది పసుపు రంగులో వస్తే చాలా కార్లలో ఆయిల్ మట్టం తగ్గిందని, తీరిక చూసుకుని పోయించొచ్చు. ఎరుపు రంగులో వస్తే మాత్రం బండి పక్కకి తీసి ఇంజిను ఆపెయ్యాలి. ఇల్లు ఇంకో కిలోమీటరే ఉన్నా సరే, తోసుకునైనా వెళ్లండి!