ప్రమాద పరిహారముపై ఎవరికెంత హక్కు?

బండి త్రోవలు తారురోడ్లయినవి. చేనికి పోవు రైతును, సంతకు పోవు స్త్రీయును, పాలక్యానుతో సైకిలెక్కిన కుర్రవాడును లారీల నడుమ నడువవలసిన దినములు వచ్చినవి. అందుచే రోడ్డు ప్రమాదములకు ట్రిబ్యునలు ఇప్పించు పరిహారమును గూర్చి మన సభ్యులు కొంత యెరిగియే యున్నారు. పరిహారమెట్లు కోరవలయునో చెప్పువారు ప్రతి గ్రామమునను గలరు. కాని ఆ సొమ్ము చేతికి వచ్చునపుడు దానిపై ఎవరు చేయి వేయవచ్చునో, ఎవరు వేయరాదో చెప్పువారు అరుదు. ఈ మాసము ఆ విషయమును వ్రాయ దలచితిమి.

లారీ తగిలి ఒక రైతు కాలు విరిగినదనుకొందము. ఆసుపత్రివారు తమకు బాకీ యున్నదందురు. లారీకి బీమా చేసిన కంపెనీవారు, "నీ వైద్యబీమా వలన నీకిదివరకే కొంత ముట్టినది గదా, అంతమట్టుకు మేమీయము" అందురు. వ్యాజ్యము నడిపించిన మధ్యవర్తి తన వంతు మాట యెత్తును. బ్యాంకువారు పాతబాకీలో జమకట్టుకొన జూతురు. చేబదుళ్ళిచ్చినవారు గడప త్రొక్కుదురు. ఇంతమందికిని వంతు కావలయును; విరిగిన కాలు మాత్రము రైతొక్కనిదే.

ఒకని సొత్తును తన బాకీ తీరువరకు నిలిపియుంచుకొను హక్కునకు ఆంగ్ల న్యాయపరిభాషలో లియన్ అని పేరు. మనము దానిని నిలుపుదల హక్కు అనుకొందము. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. కమ్మలు చేయుటకు కంసాలికి బంగారమిచ్చినచో, కూలి ముట్టువరకు ఆ కమ్మలను అతడు తన యొద్ద నుంచుకొనవచ్చును. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 170వ సెక్షనులో ఈ మాటయే యున్నది. సానబట్టుటకు రత్నాలవర్తకునకు ఇచ్చిన వజ్రపు ముడిరాయిని, అంగీ కుట్టుటకు దర్జీకి ఇచ్చిన గుడ్డను ఆ చట్టము ఉదాహరణములుగా చూపినది. తరువాతి సెక్షను బ్యాంకర్లు మొదలైన కొలదిమందికి మాత్రము, ఒక వస్తువుపై చేసిన పనికే గాక మొత్తము బాకీకి నిలుపుకొను హక్కునిచ్చినది. ఆ కొలదిమందిలో ఆసుపత్రి లేదు.

ఈ రెండు సెక్షనులును వస్తువులకు సంబంధించినవి. మనిషి వస్తువు కాడు. బాకీ యున్నదని రోగిని మంచమునుండి కదలనీయక నిలుపుటకు గాని, మృతదేహమును ఇంటివారికీయక యుంచుటకు గాని ఆసుపత్రికి హక్కు లేదు. జాతీయ మానవహక్కుల కమిషను 2018లో సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రమునందు ఇది స్పష్టముగా చెప్పబడినది. ఇట్లన్నంతమాత్రమున ఆసుపత్రి బాకీ బాకీ కాకపోదు. వైద్యుడు చేసిన పనికి న్యాయమైన సొమ్ము చెల్లింపవలసినదే. చెల్లింపనిచో వారు కోర్టులో దావా వేయవచ్చును. వారికి గల మార్గమది. రోగిని పట్టియుంచుట మార్గము కాదు.

ఇక గాయపడినవానిని చేర్చుకొనుటకే సంశయించు ఆసుపత్రులను గూర్చి ఒక మాట. ముందు ప్రాణము కాపాడవలయును, తక్కిన విధులు తరువాత జరుపవలయునని పరమానంద కటారా వ్యాజ్యమున 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ననుసరించి, మోటారు వాహనము వలన రోడ్డుపై గాయపడినవానికి నియమిత ఆసుపత్రులలో ప్రమాదదినము మొదలు ఏడు దినములవరకు, 1,50,000 రూపాయలకు మించకుండ, చేతిసొమ్ము లేకయే చికిత్స జరుగవలసియున్నది. చేర్చునపుడే ఈ పథకము పేరు చెప్పి అడుగుట మంచిది. అడుగక పొలము తాకట్టు పెట్టిన పిదప విచారించి లాభము లేదు.

చికిత్స జరుగుచుండగా ఇంటివారి ముందుకు కాగితములు వచ్చును. వానిలో కొన్ని శస్త్రచికిత్సకు సమ్మతి తెలుపునవి, అవి వలసినవే. కాని "రాబోవు పరిహారములో ఇంత మొత్తము మీకు చెందును" అని వ్రాసిన కాగితము ఆసుపత్రివారు తెచ్చినను, వడ్డీవ్యాపారి తెచ్చినను, పలుకుబడిగల గ్రామపెద్ద తెచ్చినను వేలిముద్ర వేయరాదు. నష్టపరిహారమునకై వ్యాజ్యము వేయు హక్కు నొకరికి బదిలీ చేయుటకు వీలులేదని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 6వ సెక్షను చెప్పుచున్నది. అట్టి హక్కును అప్పులవాడు జప్తు చేయింపజాలడని సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షనునందు గలదు. కావున తీర్పు రాకముందు వ్రాసిచ్చిన అట్టి కాగితమునకు బలము తక్కువ. అయినను సంతకము చేసినవాడు సిగ్గునకో భయమునకో లోబడి తరువాత ఇచ్చివేయును. చట్టముకంటె ఆ సిగ్గే మనవారిని ఎక్కువగా చెరచుచున్నదని మా తలంపు.

ఇపుడు బీమా సంగతి. ఇది కొంచెము ఓపికతో చదువవలయును.

మన రైతు ఏటేట ప్రీమియము చెల్లించి వైద్యబీమా చేసికొన్నాడనుకొందము. ఆసుపత్రి ఖర్చు 3,00,000 రూపాయలైనది. వైద్యబీమా కంపెనీ 2,00,000 ఇచ్చినది. మిగిలిన లక్ష అతడు చేతినుండి పెట్టెను. ట్రిబ్యునలులో లారీ బీమా కంపెనీవారు తాము లక్షయే బాకీ యందురు. రైతు మూడు లక్షలును అడుగవచ్చునా?

దీనికి మూలమైన తీర్పు 1998లో హెలెన్ రెబెల్లో వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇచ్చినది. అది మరణమునకు సంబంధించిన వ్యాజ్యము. మృతుని జీవితబీమా సొమ్మును పరిహారమునుండి తగ్గింపరాదని అందు నిర్ణయింపబడెను. ఆ సొమ్ము మృతుడు కట్టిన ప్రీమియముల ఫలము. అతడు రోగమున పోయినను వచ్చియుండును. ప్రమాదము చేసినవాని బాధ్యతకును దానికిని సంబంధము లేదు. మరియొక రీతిగా చెప్పినచో, జాగ్రత్తపరుడు పొదుపు చేసికొన్న ధాన్యమును చూపి, అతని చేను మేపిన పశువులవాడు నష్టము తగ్గించుకొనరాదు.

ఈ న్యాయమునే వైద్యబీమాకును అన్వయించి, ఆ సొమ్మును పరిహారమునుండి తగ్గింపరాదని 2025 మార్చిలో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచి తీర్పు చెప్పినది. అయితే దేశమున హైకోర్టులన్నియు ఈ విషయమున ఒక్క మాటపై లేవు, తగ్గింపవచ్చునన్నవియు గలవు. బొంబాయి తీర్పు ఆంధ్ర, తెలంగాణముల ట్రిబ్యునళ్ళను కట్టివేయదు గాని, ప్లీడరు దానిని చూపి వాదింపవచ్చును. కావున రైతు తన అర్జీలో మొత్తము ఖర్చును అడుగవలయును. బీమావలన వచ్చినదానిని దాచక చెప్పవలయును. ప్రీమియము రసీదులను జతపరుపవలయును. దాచినచో వ్యాజ్యమంతయు అనుమానమున పడును.

ఇందొక చిక్కు గలదు. వైద్యబీమా కంపెనీవారు అసలు బిల్లులను తీసికొందురు. ట్రిబ్యునలు కూడ అసలు బిల్లులనే అడుగును. కావున బిల్లులు ఒప్పగించుటకు ముందే ప్రతి కాగితమునకును నకలు తీయించి, ఆసుపత్రి ముద్ర వేయించుకొనవలయును. కంపెనీ ఏ బిల్లునకు ఎంత యిచ్చినదో తెలుపు వ్రాతను కూడ పుచ్చుకొనవలయును. మందుల దుకాణపు చీటీలు, అంబులెన్సు రసీదు, ఎక్సురే పట్టము అన్నియు ఒక సంచిలో నుంచవలయును. ఇంటి చూరులో దోపిన చీటీ వానకు తడిసి అక్షరము పోయినదన్నచో ట్రిబ్యునలు వినదు.

తగ్గించు సందర్భములును లేకపోలేదు. ఉద్యోగి మరణించినపుడు అతని జీతమునకు బదులుగా ప్రభుత్వము నియమము ననుసరించి కుటుంబమునకిచ్చు సహాయమును, సంపాదన నష్టము క్రింద మరల లెక్కింపరాదని 2016లో శశిశర్మ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. అట్లే ట్రాక్టరుతో సేద్యపుపని చేయు పనివానికి, ఆ పనిలోనే మోటారు ప్రమాదము కలిగినచో రెండు చట్టములు తెరువబడును. పనివారి పరిహారమునకైన చట్టము ఒకటి, 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము రెండవది. రెంటిలో ఒకదానినే ఎన్నుకొనవలయునని మోటారు చట్టము 167వ సెక్షను విధించుచున్నది. ఎన్నుకొనుటకు ముందు రెండు లెక్కలును వేయించి చూడవలయును.

పనివారి పరిహారమునకై 2025 వరకు అమలులో నుండిన 1923 నాటి చట్టమున 9వ సెక్షను ఎంతయు మెచ్చదగినది. ఆ చట్టము క్రింద వచ్చిన పరిహారమును ఇతరులకు వ్రాసియీయుటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని, అప్పులవారు జప్తు చేయుటకు గాని, యజమాని తన పాతబాకీ క్రింద మినహాయించుకొనుటకు గాని వీలు లేకుండెను. పాలేరునకు ముందుగా ఇచ్చిన బదుళ్ళను పరిహారములో పట్టుకొనగోరు మోతుబరులు ఈ వాక్యమును జ్ఞాపకముంచుకొనవలయును. మన సభ్యులలో పాలేళ్ళను పెట్టుకొన్నవారును గలరు గనుక దాపరికము లేక వ్రాయుచున్నాము.

మోటారు చట్టమున ఇంత స్పష్టమైన వాక్యము లేదు. ఆ లోటును న్యాయస్థానములు కొంత తీర్చినవి. కేరళ రోడ్డురవాణా సంస్థకును సుశమ్మ థామసునకును జరిగిన వ్యాజ్యమున 1993లో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్ళకు కొన్ని సూచనలు చేసెను. పిల్లల వంతును వారు వయస్సు వచ్చువరకు బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిటుగా నుంచవలయును. చదువురానివారి సొమ్మును దీర్ఘకాలపు డిపాజిటుగా వేయవలయును. దానిపై బ్యాంకు అప్పీయరాదు. వడ్డీ నెలనెల సొంతదారునకే చేరవలయును. సేద్యపు పనిముట్లవంటి జీవనాధారము కొనుటకు సొమ్ము కావలసినచో, అది మోసపుటెత్తు కాదని తేల్చుకొని ట్రిబ్యునలు విడుదల చేయవచ్చును. మరల చికిత్స అవసరమైనపుడును అట్లే. మీదుమిక్కిలి బంధువులు చుట్టుముట్టియున్న ఇంటిలో ఈ కట్టుబాటు మేలే చేయును. తన సొమ్ము తనకిమ్మని ట్రిబ్యునలు చుట్టు తిరుగవలసివచ్చినదని విసుగుకొనువారిని చూచితిమి. ఆ విసుగు సహజమే.

డిపాజిటుకాక మిగిలిన సొమ్ము సాధారణఖాతాలో పడినపుడు జాగ్రత్త వలయును. పాతబాకీ గల బ్యాంకులోనే ఆ ఖాతా యున్నచో, బ్యాంకువారు జమకట్టుకొనుటకు యత్నింపవచ్చును. ఇంటికి చేరిన సొమ్ముపై డిక్రీదారునకు అడ్డంకి తక్కువ. బాకీలేని బ్యాంకులో ఖాతా తెరచి ఆ వివరములే ట్రిబ్యునలునకు ఇచ్చుట తప్పు కాదు. మన సంఘము కూడ అప్పిచ్చు సంఘమే. మా నోటినుండి ఈ మాట వచ్చుట కొందరికి వింతగా తోచవచ్చును. సంఘపు బాకీ పంటనుండి తీరవలయును గాని, సభ్యుని కాలినుండి కాదు. కాలు లేని సభ్యునకు వాయిదా పొడిగించుట సంఘమునకు నష్టము కాదు.

ప్లీడరు సంగతి మిగిలినది. ఫీజు న్యాయముగా తీసికొనుటకు ఆయనకు హక్కు గలదు. కాని వచ్చిన పరిహారములో నూటికింత వంతని ఒప్పందము చేసికొనుట బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. ఫీజు బాకీయని కక్షిదారుని కాగితములను నిలిపియుంచు హక్కు కూడ ప్లీడరునకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు. ఆసుపత్రి గుమ్మమువద్దనే ఖాళీ వకాలతుపై సంతకము చేయించుకొను మధ్యవర్తిని దగ్గర చేరనీయవద్దు.

మన సభ్యులలో అనేకుల బిడ్డలు అమెరికాలో నున్నారు. తల్లిదండ్రులును పోయి వచ్చుచున్నారు. అక్కడి రీతి వేరు. చాల రాష్ట్రములలో ఆసుపత్రికి పరిహారముపైననే చట్టసిద్ధమైన నిలుపుదల హక్కు గలదు. వృద్ధులకు వైద్యము చేయించు మెడికేర్ సంస్థ తాను పెట్టిన ఖర్చును పరిహారమునుండి తిరిగి రాబట్టుకొనును. బీదల వైద్యమునకైన మెడికెయిడ్ మాత్రము వైద్యపు ఖర్చునకు చెందిన భాగమునుండియే తీసికొనవలయునని 2006లో అచ్చటి సుప్రీంకోర్టు ఆర్కన్సా రాష్ట్రపు వ్యాజ్యమున చెప్పినది. కావున అచ్చట రాజీపత్రముపై సంతకము చేయకముందే ప్రతి హక్కుదారునినుండి లెక్క వ్రాతమూలముగా తెప్పించి, తగ్గింపు కోరవలయును. ఇక్కడి ధైర్యముతో అక్కడ ఊరకుండరాదు.

పరిహారపు అర్జీకి ప్రమాదదినము మొదలు ఆరు నెలలు గడువని చట్టము చెప్పుచున్నది. గాయము మానిన పిదప చూతమనుకొనక ముందే దాఖలు చేయవలయును. తరువాతి బిల్లులను విచారణలో చేర్పవచ్చును.

ట్రాక్టరు యజమానులకు దీనిలో మరియొక ప్రక్క గలదు. బీమా షరతు తప్పినపుడు, కంపెనీ బాధితునకు సొమ్ము చెల్లించి, ఆ మొత్తమును యజమానినుండి రాబట్టుకొనుటకు ట్రిబ్యునలు ఉత్తరువు చేయవచ్చును. ట్రయిలరులో కూలీలను ఎక్కించుకొను ప్రతివాడును తన బీమా పత్రమును ఒకసారి చదివించుకొనవలయును. ఆ పత్రమును గూర్చి వచ్చు సంచికలో వ్రాసెదము.