ఇనుముకు వేరే సీసా ఎందుకు?

అక్వేరియం మొక్కలకు నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియంతో పాటు రవ్వంత ఇనుమూ కావాలి. అన్నీ ఒకే సీసాలో కలిపేస్తే సరిపోదా? చిక్కటి ద్రావణంలో ఇనుము, ఫాస్ఫేట్ కలిసి నీళ్లలో కరగని పదార్థంగా మారతాయి. సీసా అడుగున మడ్డి పేరుకుంటుంది, ఇనుము అందులోనే చిక్కుకుపోయి మొక్కలకు అందదు. ఆ లోటు ముందుగా లేత ఆకుల్లో బయటపడుతుంది: ఈనెలు పచ్చగానే ఉంటాయి, వాటి మధ్య భాగం పాలిపోతుంది. "తొట్టిలో పోశాక ఎలాగూ కలుస్తాయిగా?" అంటారేమో. కలుస్తాయి, కానీ అక్కడ రెండూ వేల రెట్లు పలచబడతాయి గనుక మడ్డి కట్టే జోరు తగ్గుతుంది. పైగా చాలామంది రెండిటినీ ఒకే రోజు కాకుండా, ఒక రోజు ఒకటి, మరుసటి రోజు ఇంకొకటి వేస్తారు. మరి దుకాణాల్లో అన్నీ కలిపిన సీసాలు అమ్ముతున్నారే! నిజమే. వాటిలో ఇనుమును చీలేట్ అనే అణువు గట్టిగా పట్టి ఉంచుతుంది, ద్రావణాన్ని కాస్త ఆమ్లంగానూ ఉంచుతారు. ఇంట్లో అంత పట్టు కుదరడం కష్టం.

అసలు సీసాలెందుకు, ఎరువు పొడినే నేరుగా తొట్టిలో వేయొచ్చుగా? లెక్క చూడండి. 10 గ్రాముల పొటాషియం నైట్రేట్‌ను నీళ్లలో కరిగించి మొత్తం 500 మిల్లీలీటర్లు చేశామనుకుందాం. అందులో 10 మిల్లీలీటర్లు 50 లీటర్ల తొట్టిలో పోస్తే లీటరుకు సుమారు 2.5 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరుతుంది. ఆ 10 మిల్లీలీటర్లలో ఉన్న పొడి 0.2 గ్రాములే. దాన్ని వంటింటి కాటా తూచలేదు, సిరంజి మాత్రం ఇట్టే కొలుస్తుంది.