సెలవు చీటీలో ఎంత రాయాలి?

"ఆపరేషన్‌కు మేం తయారే మేడం, కానీ సేటుకు ఏమని చెప్పాలె?" దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో పనిచేస్తూ కర్మన్‌ఘాట్‌లో గది అద్దెకు తీసుకున్నవారు, రోజూ పల్లె నుంచి బస్సెక్కి వచ్చేవారు ఆరోగ్య కేంద్రంలో మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. మందుల గురించి అడిగేవారికంటే దీన్ని అడిగేవారే ఎక్కువ.

ఒక చెల్లెలి సంగతి చెబుతాము. పేరు అక్కరలేదు. బట్టల దుకాణంలో పని. ట్యూబెక్టమీ చేయించుకుని, అత్తకు బాగాలేదని నాలుగు రోజులు సెలవు పెట్టింది. అయిదో రోజు చీరల మూటలు మోసింది. కుట్టు దగ్గర చీము పట్టింది. మళ్ళీ సెలవు అడిగితే, "మొన్న అత్తకన్నావు, ఇవాళ నీకంటున్నావు" అని కసిరారు. నిజం చెబితే పదిమందిలో నవ్వులపాలవుతానని ఆమె భయం. ఆ భయం వట్టిదని మేము అనము.

అయితే ఆమెకు తెలియనిది ఒకటుంది. ట్యూబెక్టమీ తర్వాత రెండు రోజులు విశ్రాంతి, ఆ పైన తేలికపాటి పనులు. బరువు పనికి రెండు వారాలు ఆగాలి. జీతంతో ఆ రెండు వారాల సెలవును 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 1995 సవరణతో చేర్చారు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అది ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే దుకాణాలకూ వర్తిస్తుంది. గర్భం పోయినా, తీయించుకున్నా ఆరు వారాలు. ఆ తర్వాత జబ్బు చేస్తే, రుజువు చూపితే మరో నెల వరకు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే ట్యూబెక్టమీకి 14 రోజులు, వేసెక్టమీకి 7 రోజులు పూర్తి వేతనం ఇ.ఎస్.ఐ. నుంచే వస్తుంది.

ఇక గుట్టు సంగతి. జీతంతో కూడిన ఈ సెలవు కావాలంటే డాక్టరు సర్టిఫికెట్ చూపాలి. అంటే యజమానికి తెలియక తప్పదు. అసలు చెప్పనే వద్దనుకుంటే మామూలు సెలవు వాడుకోవాలి, జీతం పోవచ్చు. ఏది మేలో మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరే నిర్ణయించుకోండి. కానీ యజమానికి తెలియడం వేరు, దుకాణమంతా తెలియడం వేరు. చీటీలో "శస్త్రచికిత్స చేయించుకుంటున్నాను, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవు కావాలి" అని రాస్తే చాలు. సర్టిఫికెట్ కవరులో పెట్టి, అంటించి, లెక్కలు చూసే మనిషి చేతికే ఇవ్వండి. హాజరు పుస్తకంలో "సెలవు" అన్న మాట తప్ప మరేమీ రాయనక్కరలేదని చెప్పండి. చీటీ నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

గర్భం తీయించుకున్న సందర్భంలో చట్టం ఇంకా గట్టిది. ఆసుపత్రి అడ్మిషన్ రిజిస్టరు రహస్యం. మిగిలిన కాగితాల మీద పేరు రాయరు, వరుస సంఖ్యే వేస్తారు. ఉద్యోగం చేసే స్త్రీ కోరితే సెలవు కోసం డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. దాన్ని చూసిన యజమాని మరెవరికీ చెప్పరాదని నిబంధనల్లోనే ఉంది. 2021 సవరణ ప్రకారం, చట్టం అనుమతించినవారికి తప్ప ఇతరులకు పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అవసరం లేదు.

అన్నలారా, ఒక మాట. గుట్టు బయటపడేది ఎప్పుడూ ఆఫీసు నుంచే కాదు. కల్లు కాంపౌండులో మీరు చెప్పిన మాట మర్నాడు దుకాణానికి చేరుతుంది, మీ ఊరివాళ్ళు అక్కడా ఉంటారు గదా! వేసెక్టమీ మీరే చేయించుకుంటే విశ్రాంతి రెండు రోజులే. సైకిలు తొక్కడానికి, బరువు పనికి వారం ఆగాలి. మూడు నెలలపాటు నిరోధ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకున్నాకే దాన్ని మానాలి. బలం తగ్గదు, మగతనం పోదు.

అడ్డా మీద కూలి చేసేవారికి సెలవు ఇచ్చే సేటు ఎవరు? ఈ చట్టాలు వారిని చాలావరకు వదిలేశాయి, ఇది అన్యాయమే. తాపీపని, మట్టిపని చేసేవారు కార్మిక శాఖలో భవన నిర్మాణ కార్మికులుగా పేరు నమోదు చేయించుకుంటే కాన్పు సాయం దొరుకుతుంది. ఆపరేషన్‌కు మాత్రం పని తక్కువగా ఉండే రోజులు చూసుకోండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే ముందే సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. తేదీలు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. చదవడం రాకపోతే మా ఎ.ఎన్.ఎం. అక్క చదివి చెబుతుంది, బయట ఎవరికీ చెప్పదు.