ఇంజనీరింగులో ఏ శాఖ?

పన్నెండవ తరగతి ఫలితాలు వెలువడగానే ప్రతి ఇంటా తలెత్తే ప్రశ్న ఇది. సూరత్ నగరంలోని నవాగామ్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు దీనికి సమాధానం మరమగ్గంలోనే లభిస్తుంది. మగ్గపు కదలికలు మెకానికల్ శాఖకు, దానిని నడిపే మోటారు ఎలక్ట్రికల్ శాఖకు, వస్త్రానికద్దే రంగులు కెమికల్ శాఖకు, షెడ్డు నిర్మాణం సివిల్ శాఖకు, తెరపై రూపొందే డిజైన్లు కంప్యూటర్ శాఖకు చెందుతాయి. వీటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ?

సూరత్‌కు సమీపంలోని కాక్రాపార్‌లో 2023లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించిన 700 మెగావాట్ల స్వదేశీ అణు రియాక్టరు కూడా అనేక శాఖల సమష్టి కృషి ఫలమే. నగరంలోనే 1961లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా వెలసిన నేటి సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థలో ఈ ప్రధాన శాఖలన్నీ బోధిస్తున్నారు.

తల్లిదండ్రులు నేటి గిరాకీని మాత్రమే చూసి నిర్ణయించరాదు. చదువు నాలుగేళ్ళు, వృత్తి దాదాపు నాలుగు దశాబ్దాలు. ఈలోగా గిరాకీ ఎన్నిసార్లయినా మారవచ్చు. యంత్రాన్ని విప్పి చూడాలని ఉబలాటపడే అమ్మాయికి మెకానికల్ శాఖ తగదనడం న్యాయం కాదు. రసాయనశాస్త్రమంటే మక్కువ గల అబ్బాయిని ఇరుగుపొరుగును చూసి కంప్యూటర్ శాఖలో చేర్పించడమూ అంతే. దరఖాస్తు నింపే ముందు పిల్లలను ఆయా శాఖల ఇంజనీర్లు పనిచేసే చోటికి ఒకసారి తీసుకువెళ్ళండి. ఆ పిమ్మట వారు చెప్పేది వినండి.